వీణకు యాంప్లిఫయర్: వాల్యూమ్ చిప్పులోనే ఉంటే తీగ ఎంత పొడవైనా భయం లేదు

బొబ్బిలి నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. మీ అక్కగారు ఇంట్లో పది మంది పిల్లలకు వీణ నేర్పుతున్నారు. వీణ కుండ పైచెక్కకు పికప్ బిళ్ల అంటించి, టీడీఏ 2030 చిప్పుతో మీరే ఒక చిన్న యాంప్లిఫయర్ కట్టి ఇచ్చారు. పెట్టె గోడ దగ్గర ఉంటుంది, ఆవిడ చాప మీద కూర్చుంటారు. మాటిమాటికీ లేవకుండా కూర్చున్న చోటే శబ్దాన్ని తగ్గించుకోవడానికి, వాల్యూమ్ కంట్రోల్‌ను నాలుగు మీటర్ల షీల్డ్ వైరుతో చాప పక్కకు తెచ్చారు. అప్పటి నుంచి గుయ్యిమనే హమ్మింగ్ మొదలైంది. మీట తిప్పితే కరకర. వాల్యూమ్ నియంత్రణ లోపలే ఉండే చిప్పు వాడితే ఇది పోతుందా, టీడీఏ 1013బీ కొనవచ్చా, కరెంటు లేనప్పుడు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుందా అని అడిగారు.

పోతుంది. కానీ 1013బీ వద్దు. మీరు అడగని ఇంకో లోపం కూడా మీ సర్క్యూట్‌లో ఉంది. బహుశా వీణ గొంతు సన్నబడటానికి అదే కారణం. మూడింటికీ సమాధానం చెబుతాను.

విజయనగరం గంటస్తంభం దగ్గర ముప్పై ఏళ్లకు పైగా రేడియోలు, టేప్ రికార్డర్లు, మైకు సెట్లు బాగుచేశాను. నా దగ్గరకు వచ్చిన వాటిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు మార్చిన భాగం ఏదంటే వాల్యూమ్ కంట్రోలే. దానికి కారణం ఉంది. మామూలు పద్ధతిలో సంగీతమంతా ఆ కార్బన్ పట్టీ మీదుగా, దాని మీద జారే చిన్న రేకు మీదుగా ప్రయాణిస్తుంది. పట్టీ అరిగినా, తేమ పట్టినా, దుమ్ము చేరినా ఆ స్పర్శ తెగీ తెగక కరకరలాడుతుంది. అక్కడ పుట్టిన చప్పుడు తర్వాతి దశలో ఎన్నో రెట్లు పెరిగి స్పీకరులోకి వస్తుంది. ఇక వైరు సంగతి. మీ నాలుగు మీటర్ల వైరులో నడుస్తున్నది మిల్లీవోల్టుల సంకేతం. పక్కనే గోడలో 230 వోల్టుల లైను, పైన ఫ్యాను రెగ్యులేటరు. షీల్డు ఉన్నా, పెట్టె దగ్గర ఒకసారి, మీట డబ్బా దగ్గర ఒకసారి గ్రౌండు కలిసిందంటే ఆ వలయంలో 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతుంది. మైకు సెట్లలో ఇది పెద్దగా తెలియదు. వీణలో తెలుస్తుంది. మీటిన స్వరం సన్నగిల్లుతూ గమకం చివర నిశ్శబ్దంలో కలిసేచోటే వినేవారి చెవి ఉంటుంది. సరిగ్గా అక్కడే మీ హమ్మింగ్ పైకి తేలుతోంది.

ఎలక్ట్రానిక్ వాల్యూమ్ ఉన్న చిప్పులో సంగీతం మీట దాకా రానే రాదు. మీట నుంచి చిప్పుకు వెళ్లేది ఒక స్థిరమైన డీసీ వోల్టేజీ మాత్రమే. దాన్ని చూసి, లోపలి సర్క్యూట్ శబ్దం ఎంత పెంచాలో నిర్ణయిస్తుంది. డీసీ కాబట్టి చిప్పు పిన్ను దగ్గర ఒక కెపాసిటర్ పెట్టి దారిలో చేరిన హమ్మింగ్‌నంతా గ్రౌండులోకి తోసేయవచ్చు. సంగీతం నడిచే తీగ మీద ఆ పని చేస్తే సంగీతమే పోతుంది. మీట స్పర్శలో వచ్చే కుదుపులు కూడా అదే కెపాసిటర్‌లో ఇంకిపోతాయి.

లోపల జరిగేది కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీట ఎంపిక దాని మీదే ఆధారపడుతుంది. రెండు ట్రాన్సిస్టర్ల ఎమిటర్లను (కరెంటు నడిచే కాళ్లను) కలిపి ఒకే కరెంటును వాటికి ఇస్తే, ఆ కరెంటును అవి పంచుకుంటాయి. రెండు బేసుల (కరెంటును అదుపు చేసే కాళ్ల) మధ్య వోల్టేజీ తేడా సున్నా అయితే చెరి సగం. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ తేడా సుమారు 60 మిల్లీవోల్టులైతే పంపకం ఒకటికి పది అవుతుంది. ఇంకో 60 చేరితే ఒకటికి వంద. సంగీత సంకేతాన్ని ఆ కరెంటు మీద ఎక్కించి, ఒక ట్రాన్సిస్టర్ వైపు వాటాను మాత్రమే ముందుకు పంపితే, నియంత్రణ వోల్టేజీ సమానమైన అంగలతో మారుతుంటే శబ్దం సమానమైన డెసిబెల్ అంగలతో మారుతుంది. మన చెవి వినే తీరూ అదే. అందుకే ఇక్కడ చెవికి తగ్గట్టు అసమానంగా మారే లాగ్ రకం మీట అక్కర్లేదు. తిప్పినంత మేరకు సమానంగా మారే లీనియర్ మీట కొనండి. పాత పద్ధతిలో లీనియర్ మీట పెడితే సగం తిప్పినా తగ్గేది 6 డెసిబెల్లే, మార్పంతా చివరి పావు వంతులో గుమిగూడేది. ఇక్కడ ఆ బాధ లేదు.

ఇప్పుడు చిప్పులు. టీడీఏ 1013బీ మంచి చిప్పే, 4 వాట్ల చిప్పు, వాల్యూమ్ నియంత్రణ లోపలే ఉంది. కానీ ఆ 4 వాట్లు 18 వోల్టుల సరఫరా మీద లెక్క. అది కనీసం 10 వోల్టులు కోరుతుంది. మీ బ్యాటరీ సాయంత్రానికి 11 వోల్టులకు దిగితే దాదాపు అంచున నడుస్తున్నట్టే. పైగా దాని అవుట్‌పుట్ ఒకే కొసది, స్పీకరు రెండో కొస గ్రౌండుకు వెళుతుంది. 12 వోల్టుల మీద ఆ పద్ధతిలో తరంగం శిఖరం నాలుగున్నర వోల్టులు దాటదు. 8 ఓముల స్పీకరుకు లెక్క వేస్తే ఒకటింపావు వాటు దగ్గర ఆగిపోతుంది. కరెంటు అడాప్టరు మీదే ఎప్పుడూ నడిపేవారికి నేను దాన్ని సిఫారసు చేస్తాను, మీకు కాదు.

మీకు తగినవి అదే ఫిలిప్స్ కుటుంబంలో టీడీఏ 7052ఏ, టీడీఏ 7056ఏ, 7056బీ. మొదటిది ఎనిమిది కాళ్ల చిన్న చిప్పు, ఒక వాటు. 7056ఏ తొమ్మిది కాళ్లతో వరుసగా నిలబడే చిప్పు, 3 వాట్లు. బీ రకం 5 వాట్లు. మూడూ 4.5 నుంచి 18 వోల్టుల వరకు నడుస్తాయి. మూడింటిలోనూ స్పీకరుకు రెండు వైపులా రెండు యాంప్లిఫయర్లు ఉంటాయి, ఒకటి పైకి తోస్తుంటే మరొకటి కిందికి లాగుతుంది. 7056బీలో 12 వోల్టుల మీద శిఖరం తొమ్మిది, తొమ్మిదిన్నర వోల్టులు వస్తుంది, అంటే 8 ఓములకు 5 వాట్లకు పైన. సంగీతం ఏమీ లేనప్పుడు తాగే కరెంటు పది మిల్లీ ఆంపియర్లకు అటూ ఇటూ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు మా బంధువుల ఊళ్లో 7 ఆంపియర్ అవర్ బ్యాటరీకి ఇలాంటి చిన్న చిప్పు, ఒక రేడియో కలిపి పెట్టాం, ఊరంతా దాని చుట్టూ చేరి వార్తలు వింది. మీ అక్కగారి పాఠానికి సగటున 200 మిల్లీ ఆంపియర్లు తాగుతుందనుకున్నా, ఆ బ్యాటరీలో సగమే వాడినా పదిహేడు గంటలు వస్తుంది.

ఇవి పాతకాలం చిప్పులు. టీవీలు, మానిటర్ల కోసం తయారైనవి. కాబట్టి కొత్తవి దొరకకపోతే పాత పిక్చర్ ట్యూబు టీవీ బోర్డుల్లో వెతకండి. అలా తీసిన చిప్పునే నేను ఎక్కువ నమ్ముతాను. కొత్తదంటూ మరీ చవకగా అమ్మేవాటిలో పైన అక్షరాలు గీకి మళ్లీ ముద్రించినవి చూశాను.

ఇప్పటి చిప్పుల్లో పీఏఎమ్ 8610 ఉంది. క్లాస్ డీ (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే రకం), రెండు చానళ్లు, చానల్‌కు 10 వాట్లు, డీసీ వాల్యూమ్ 32 మెట్లలో. వేడి తక్కువ, బ్యాటరీకి మేలు. అయితే దాని సరఫరా హద్దు 15 వోల్టులు. చార్జర్ కలిపి ఉండగా లెడ్ యాసిడ్ బ్యాటరీ 14.4 దాకా వెళుతుంది, అంత అంచున నడపడం నాకు ఇష్టం లేదు. చిన్న బోర్డుగా కొంటే వాల్యూమ్ పిన్ను బయటికి తెచ్చారో లేదో చూసుకోండి. కొన్నింటిలో దాన్ని గరిష్ఠం మీద కట్టేసి ఉంచుతారు. మ్యాక్స్ 9744 ఇంకా పెద్దది, 20 వాట్ల జంట, 64 మెట్లు, మైక్రోకంట్రోలర్‌తోనూ నడపవచ్చు, మీట వోల్టేజీతోనూ నడపవచ్చు. తిప్పే మీట బదులు రెండు బటన్లు నొక్కే పద్ధతి ఇష్టమైతే టీడీఏ 8551 ఉంది. ఒక్కో నొక్కుకు 1.25 డెసిబెల్ చొప్పున 64 మెట్లు. కానీ అది 5 వోల్టుల చిప్పు, ఒక వాటే. క్లాస్ డీ చిప్పులు రేడియో పక్కన పెడితే మీడియం వేవ్‌లో గోల చేస్తాయి. అందువల్ల పాఠాల గదిలో నా ఓటు 7056బీకే.

వాట్ల మీద మోజు వద్దు. 5 వాట్ల నుంచి 10కి వెళితే చెవికి పెరిగేది 3 డెసిబెల్లే, పక్కపక్కన పెట్టి పోల్చితే గానీ తెలియదు. మంచి స్పీకరు కొనండి, ఆ డబ్బు వినిపిస్తుంది. సిరిమానోత్సవం నాటి మైకు సెట్టు లెక్క వేరు, పది మంది పిల్లలు కూర్చున్న గది లెక్క వేరు.

ఇక మీరు అడగని లోపం. పికప్ బిళ్ల పీజో రకం, అంటే అదిరితే వోల్టేజీ పుట్టించేది, అని రాశారు. విద్యుత్తు లెక్కలో అది ఒక చిన్న కెపాసిటర్, సాధారణంగా పది, ఇరవై నానోఫారడ్లు. ఈ చిప్పుల ఇన్‌పుట్ నిరోధం సుమారు 20 కిలో ఓములు. 15 నానోఫారడ్ల బిళ్లను నేరుగా దానికి కలిపితే 530 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తగ్గుతూ పోతుంది. వీణలో మొదటిదైన సారణి తీగను 165 హెర్ట్జ్ దగ్గర శ్రుతి చేశారనుకోండి. మంద్రం తీగ అందులో సగం, 82. అన్నిటికన్నా కింది స్వరం పలికే అనుమంద్రం తీగ 62 దగ్గర మోగుతుంది. నాలుగు తీగల మూలస్వరాలూ తెగిపోయే వైపే ఉన్నాయి! ఒకే పనస దుంగ నుంచి తొలిచిన బొబ్బిలి ఏకాండి వీణ గొంతులోని నిండుతనమంతా అక్కడే ఉంటుంది. అది పోయి రేకు డబ్బా మీద మీటినట్టు వినబడుతుంది. మీ 2030 బోర్డులో కూడా ఇన్‌పుట్ నిరోధం పెద్దగా ఎక్కువ ఉండదు, అందుకే ఆవిడ సౌండ్ సన్నగా ఉందంటున్నారేమో.

మందు తేలిక. బిళ్లకూ చిప్పుకూ మధ్య ఒక బఫర్ పెట్టండి, అంటే బిళ్ల మీద భారం పడకుండా సంకేతాన్ని ఉన్నదున్నట్టు ముందుకు పంపే దశ. టీఎల్ 071 ఆప్ ఆంప్ చాలు. అవుట్‌పుట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు నేరుగా కలపండి. ప్లస్ ఇన్‌పుట్‌కు ఒక మెగ్ ఓము ద్వారా సగం సరఫరా వోల్టేజీ ఇవ్వండి. ఆ సగం వోల్టేజీని రెండు 100 కిలో ఓముల రెసిస్టర్లతో చేసి, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌తో నెమ్మది చేయండి. బిళ్ల నుంచి 0.1 మైక్రోఫారడ్ ద్వారా లోపలికి, ఒక మైక్రోఫారడ్ ద్వారా చిప్పుకు బయటికి. ఇప్పుడు అదే బిళ్లకు హద్దు పది, పన్నెండు హెర్ట్జ్‌కు దిగుతుంది. బఫర్‌ను యాంప్లిఫయర్ పెట్టెలో కాకుండా, వీలైనంత వరకు వీణ దగ్గరే చిన్న డబ్బాలో పెట్టండి. బఫర్ దాటాక సంకేతం బలంగా ఉంటుంది, అక్కడి నుంచి పెట్టెదాకా షీల్డ్ వైరు హమ్మింగ్‌ను పెద్దగా పట్టుకోదు.

మీట సర్క్యూట్. 7056 రకంలో నియంత్రణ పిన్ను వోల్టేజీ సుమారు 0.4 నుంచి 1.2 వోల్టుల మధ్యే పనిచేస్తుంది. అంతకన్నా కిందికి వెళితే చిప్పు పూర్తిగా మౌనం వహిస్తుంది. బ్యాటరీ నుంచి నేరుగా ఈ వోల్టేజీ తీయకండి. బ్యాటరీ దిగుతున్నకొద్దీ వాల్యూమ్ దానంతట అదే తగ్గిపోతుంది, గట్టిగా మీటినప్పుడు సరఫరా ఊగితే వాల్యూమ్ కూడా ఊగుతుంది. 78ఎల్05 అనే చిన్న రెగ్యులేటరు పెట్టి నిలకడైన 5 వోల్టులు చేసుకోండి. అక్కడి నుంచి 3.3 కిలో ఓములు, తర్వాత 1 కిలో ఓము లీనియర్ మీట, తర్వాత 330 ఓములు, ఆపైన గ్రౌండు. మీట నడిమి కాలు చిప్పు నియంత్రణ పిన్నుకు. పిన్ను పక్కనే, పెట్టె లోపల, గ్రౌండుకు 4.7 కిలో ఓములు, 22 మైక్రోఫారడ్లు, 0.1 మైక్రోఫారడ్. లెక్క వేస్తే పైకొసలో 1.2 వోల్టులు, కిందికొసలో 0.33 వస్తాయి. పెద్ద విలువ మీటలు వాడవద్దు, పిన్ను నుంచి కొద్దిపాటి కరెంటు బయటికి వస్తుంది, అది లెక్క తప్పిస్తుంది.

ఆ 4.7 కిలో ఓముల రెసిస్టర్‌ను అనవసరమని తీసేయకండి. చాప పక్కన ఉండే వైరు కాళ్ల కింద నలుగుతుంది. నడిమి తీగ తెగితే పిన్ను గాలిలో తేలి, శబ్దం ఒక్కసారిగా గరిష్ఠానికి ఎగబాకే ప్రమాదం ఉంది. స్పీకరు ముందు చిన్నపిల్లలు కూర్చుని ఉంటారు. ఆ రెసిస్టర్ ఉంటే తీగ తెగినప్పుడు పిన్ను కిందికి దిగి చిప్పు మౌనమవుతుంది. గ్రౌండు తీగ తెగితే మాత్రం ఇది కాపాడదు. కాబట్టి వైరు చుట్టూ ఉండే అల్లికనే గ్రౌండుగా వాడండి, సన్నని తీగను కాదు. మీట డబ్బాను ఇంకెక్కడా గ్రౌండుకు కలపవద్దు.

స్పీకరు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ చిప్పుల్లో స్పీకరు రెండు కొసలూ సంకేతం నడిచే కొసలే, ఏదీ గ్రౌండు కాదు. రెండూ సగం సరఫరా వోల్టేజీ మీద నిలబడి ఉంటాయి. మైకు సెట్టు అలవాటులో నల్ల తీగను పెట్టె రేకుకు కలిపితే ఒక వైపు యాంప్లిఫయర్ షార్ట్ అవుతుంది. పాత సెట్టులో కొత్త చిప్పు వేసినప్పుడు నేను ఆ తప్పు చేశాను. స్పీకరు జాక్‌లోని గ్రౌండు రేకు పెట్టెకు తగిలి ఉందని చూడలేదు. పెళ్లివారి ఇంట్లో సన్నాయి మధ్యలో ఆగిపోయింది. ఆ రోజు నుంచి స్పీకరు కలిపే ముందు మీటరు పెట్టకుండా వదలను. మీరూ అలాగే చేయండి. స్పీకరు లేకుండా కరెంటు ఇచ్చి, ఒక్కో అవుట్‌పుట్‌కూ గ్రౌండుకూ మధ్య చూడండి. 12 వోల్టుల మీద ఆరు దగ్గర రావాలి. రెండు అవుట్‌పుట్‌ల మధ్య దాదాపు సున్నా రావాలి. అర వోల్టు కనిపించినా స్పీకరు కలపకండి.

వేడి సంగతి. ఈ చిప్పు అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కేది గరిష్ఠ వాల్యూమ్ దగ్గర కాదు. శిఖరంలో సుమారు మూడింట రెండు వంతుల దగ్గర. చార్జర్ మీద 13.8 వోల్టులు, 8 ఓములు అనుకుంటే చిప్పులో మిగిలే వేడి 4.8 వాట్ల దాకా పోతుంది. మే నెలలో మీ గదిలో 40 డిగ్రీలుంటే మూసిన పెట్టెలో ఇంకా పైనే. పది సెంటీమీటర్లు చదరం, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం పలకను నిలువుగా పెట్టి దానికి బిగించండి. వెనక, పైన గాలికి రంధ్రాలు చేయండి. 16 ఓముల స్పీకరు దొరికితే వేడి సగమవుతుంది. శబ్దం కొంత తగ్గినా పాఠానికి చాలు.

గ్రౌండు తీగలు: చిప్పుకు సంకేతం గ్రౌండు వేరు, పవర్ గ్రౌండు వేరు కాళ్లు ఉన్నాయి. బఫర్, మీట గ్రౌండులు మొదటిదానికి, బ్యాటరీ గ్రౌండు రెండోదానికి. రెండూ చిప్పు దగ్గర ఒకే చోట కలవాలి. సరఫరా పిన్నుకు ఆనుకునే 220 మైక్రోఫారడ్లు, 0.1 మైక్రోఫారడ్.

చివరగా, స్పీకరును వీణ కుండ ఎదుట పెట్టకండి. బిళ్ల గాలిలోని శబ్దాన్ని పెద్దగా పట్టదు కానీ పైచెక్క పడుతుంది. ఎదురుగా గట్టి శబ్దం తగిలితే చెక్క దానికదే మోగి, మంద్రం తీగ ఊళ పెట్టడం మొదలవుతుంది. ఆవిడ ఎడమ భుజం వెనక, రెండు మీటర్ల దూరంలో, పిల్లల వైపు తిప్పి పెట్టి చూడండి. ముందు బఫర్ ఒక్కటే కట్టి, ఇప్పుడున్న 2030 బోర్డుకే కలిపి అనుమంద్రం మీటించండి. తేడా ఎలా ఉందో, బిళ్ల మీద ఏ విలువ రాసి ఉందో రాస్తే చిప్పు చుట్టూ మిగిలిన భాగాల విలువలు దానికి తగ్గట్టు చెబుతాను.